పాత మాస్సీ 1035 హెడ్డు పగిలితే సరిపోయే హెడ్డు ఎలా వెతకాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఎనభైల నాటి మాస్సీ ఫెర్గూసన్ 1035 సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దమ్ము చేస్తుండగా వేడెక్కి ఆగిపోయింది. హెడ్డు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇనుప దిమ్మ) విప్పితే మూడో సిలిండర్ దగ్గర రెండు వాల్వుల మధ్య క్రాక్ కనిపించింది. మెకానిక్ గారు వేరే హెడ్డు తెమ్మన్నారు. కోదాడలో ఒకటి, విజయవాడ ఆటోనగర్‌లో ఒకటి చూశారు. రెండు చోట్లా "ఇది 1035దే" అన్నారు, కానీ ఆ రెండూ ఒకలా లేవు. ఏది తీసుకోవాలి?

ఇప్పుడే ఏదీ తీసుకోకండి. అడ్వాన్సు కూడా ఇవ్వకండి. ఆ రెండూ నిజంగా 1035 నుంచి దిగినవే కావచ్చు, అయినా మీ బ్లాక్ (సిలిండర్లుండే ఇంజన్ మొండెం) మీద ఏదీ కూర్చోకపోవచ్చు. హెడ్డుకి జోడీ ఇంజనే గానీ ట్రాక్టర్ కాదు. ముప్పై నలభై ఏళ్లు తిరిగిన బండిలో బానెట్ మీద ఏం రాసి ఉందో, కింద ఏ ఇంజన్ ఉందో రెండూ ఒకటే అని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ మధ్యలో ఎవరి చేతుల్లో ఉందో, ఎక్కడ ఇంజన్ దించి వేరేది ఎక్కించారో మీకు అమ్మినాయనకే తెలియకపోవచ్చు.

అందుకే మొదటి పని షాపులో కాదు, మీ షెడ్డులోనే ఉంది. ఒక వైర్ బ్రష్, కాస్త కిరసనాయిలు, ఒక సుద్దముక్క తీసుకోండి. ఇంజన్ బ్లాక్ పక్కన మెషీన్ చేసిన చదునైన చోట ఇంజన్ నంబరు గుద్ది ఉంటుంది. ఆయిలూ దుమ్మూ కలిసి దాని మీద గట్టిగా పేరుకుని ఉంటాయి కాబట్టి చాలామందికి అది కనపడనే కనపడదు. కిరసనాయిలుతో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, గుడ్డతో ఆరేలా తుడవండి. తర్వాత సుద్దముక్కను అడ్డంగా పడుకోబెట్టి దాని మీద రుద్దండి, పైపైన వేలితో తుడిచెయ్యండి. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తెల్లగా పైకి తేలతాయి. టార్చ్ ఎదురుగా కాకుండా పక్కనుంచి వేసి ఫోటో తీసుకోండి. 3కీ 8కీ తేడా అప్పుడే తెలుస్తుంది.

ఆ నంబరును ఆర్.సి.లో ఉన్న ఇంజన్ నంబరుతో పోల్చండి. కలిస్తే సగం టెన్షన్ తీరినట్టే. కలవకపోతే ఎప్పుడో ఇంజన్ మారిందని అర్థం, ఇక "1035 హెడ్డు" అనే మాట మీ విషయంలో పక్కన పెట్టాలి. (కలవకపోతే ఆర్.టి.ఓ. ఆఫీసులో సరిచేయించుకోవాల్సిన సంగతి వేరే ఉంది, దాన్నీ వదిలెయ్యకండి.)

ఇక ఈ ఇంజన్ల సంగతి కొంచెం తెలిస్తే షాపువాళ్లు చెప్పేది మీకు అర్థమవుతుంది. మన మాస్సీ ట్రాక్టర్లలో ఉన్నది పెర్కిన్స్ వంశం ఇంజన్. ఇంగ్లండ్‌లోని పీటర్‌బరోలో 1932లో మొదలైన డీజిల్ ఇంజన్ల కంపెనీ అది. 1959లో మాస్సీ ఫెర్గూసన్ దాన్ని కొనేసింది. మన దేశంలో 1960లో మద్రాసులో టాఫే అనే కంపెనీ ఏర్పడి మాస్సీ ట్రాక్టర్లు తయారుచేసింది. వాటికి ఇంజన్లు ఇచ్చింది అదే గ్రూపులోని సింప్సన్ కంపెనీ, పెర్కిన్స్ డిజైన్ల ఆధారంగా. పెర్కిన్స్ ఇంజన్లలో 3.152 అంటే 3 సిలిండర్లు, 152 ఘనపు అంగుళాలు: బోరు (సిలిండర్ వెడల్పు) 91.4 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 127 మి.మీ., మొత్తం 2.5 లీటర్లు. దాని కంటే ముందు వచ్చిన 3.144కి స్ట్రోక్ అదే 127, బోరు మాత్రం 88.9. మన సింప్సన్ ఇంజన్లలో ఎస్324 సుమారు 2400 సీసీ, ఎస్325 సుమారు 2500 సీసీ. 1035లో మామూలుగా ఉండేది ఎస్324. పై నుంచి చూస్తే ఇవన్నీ ఒక్కలాగే ఉంటాయి. బోరులో తేడా రెండున్నర మిల్లీమీటర్లు. కంటికి ఆనదు, హెడ్డుకీ బ్లాక్‌కీ మధ్య పరిచే గ్యాస్కెట్‌కి మాత్రం అదే ప్రాణం.

బానెట్ మీద నంబరును నమ్మకూడదని ఎందుకంటున్నానో చెప్పడానికి ఇంకో రెండు ఉదాహరణలు. ఇంగ్లండ్‌లో తయారైన మాస్సీ 35 ట్రాక్టర్‌లో మొదట స్టాండర్డ్ కంపెనీవాళ్ల 23సీ అనే 4 సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఉండేది, తర్వాత పెర్కిన్స్ 3 సిలిండర్ల ఇంజన్ వచ్చింది. బండి పేరు 35 గానే ఉంది. మనవైపు మహీంద్రాలో పాత బీ-275కి 4 సిలిండర్లు, తర్వాత వచ్చిన 275 డీఐకి 3 సిలిండర్లు. "275 హెడ్డు ఉందా" అని అడిగితే షాపులో ఏది చేతికందితే అది ఇస్తారు. సిలిండర్ల లెక్కే వేరైతే ఎవరైనా పట్టేస్తారు. మీలాంటి కేసుల్లో లెక్క ఒకటే, లోపలి పద్ధతి వేరు. అక్కడే డబ్బులు పోతాయి.

ఆ లోపలి పద్ధతి అంటే డీజిల్ ఎక్కడ మండుతుందన్నది. పాత 3.152లో రెండు రకాలున్నాయి. మొదటిది ఏ3.152, ఇన్‌డైరెక్ట్. హెడ్డులోనే ఒక చిన్న గది ఉంటుంది, డీజిల్ చిమ్మే నాజిల్ ఆ గదిలోకి కొడుతుంది, మంట అక్కడ మొదలై సన్నని దారి గుండా సిలిండర్లోకి వస్తుంది. తర్వాత వచ్చినది ఏడీ3.152, డైరెక్ట్ ఇంజెక్షన్. 1964 చివర్లో వచ్చిన మాస్సీ 135లో ఉన్నది ఇదే. ఇందులో నాజిల్ నేరుగా సిలిండర్లోకి కొడుతుంది, మంటకి కావాల్సిన గుంట పిస్టన్ తల మీద ఉంటుంది. మన ట్రాక్టర్ల మీద "డీఐ" అని రాసేది దీని గురించే.

హెడ్డును తిరగేసి చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. డీఐ హెడ్డు ముఖం వాల్వుల మధ్య చదునుగా ఉంటుంది, నాజిల్ మొన కోసం ఒక చిన్న రంధ్రం కనిపిస్తుంది. ఇన్‌డైరెక్ట్ హెడ్డులో ప్రతి సిలిండర్‌కీ వాల్వుల పక్కన ఒక బిళ్ల లాంటి ముక్క కూర్చోబెట్టి, దానికి చిన్న నోరు ఉంటుంది. మీ పిస్టన్లు కూడా చూడండి: మధ్యలో గుండ్రని లోతైన గుంట ఉంటే మీది డీఐ. గుంట ఉన్న పిస్టన్ మీద గది ఉన్న హెడ్డు పెడితే గాలి నొక్కే చోటు రెండింతలై కంప్రెషన్ చచ్చిపోతుంది, ఇంజన్ స్టార్టే కాదు. రెండో రకం కలయిక, అంటే గుంట లేని పిస్టన్ మీద చదును హెడ్డు ఇంకా ప్రమాదం: చోటు లేక కంప్రెషన్ అతిగా పెరిగి, తిప్పితేనే రాడ్లకీ బేరింగులకీ దెబ్బ. నాజిళ్లు కూడా మార్చుకోకూడదు. రెండు రకాలకీ రంధ్రాలూ, అవి తెరుచుకునే ప్రెషరూ వేరు. మీరు పంపిన వివరాల్లో విజయవాడ హెడ్డుకి "ప్రతి వాల్వు జత పక్కనా ఒక రౌండ్ బిళ్ల ఉంది" అని రాశారు. మీ పిస్టన్ల మీద గుంట ఉంటే ఆ హెడ్డును అక్కడే వదిలెయ్యండి, ఎంత తక్కువకి ఇచ్చినా.

తర్వాత కాస్టింగ్ నంబరు. హెడ్డు పైన, రాకర్ కవర్ (వాల్వులను నొక్కే రాకర్ల మీది మూత) దగ్గరో పక్కనో, పోతలోనే ఉబ్బెత్తుగా వచ్చిన అంకెలుంటాయి. చాలామంది దాన్నే పార్ట్ నంబరు అనుకుంటారు. అది పోత అచ్చుకి ఇచ్చిన నంబరు మాత్రమే. ఒకే పోతను తీసుకుని ఒక ఇంజన్‌కి ఒకలా, ఇంకో ఇంజన్‌కి ఇంకోలా మెషీన్ చేస్తారు. వాల్వు కూర్చునే సీటు సైజు, నాజిల్ కూర్చునే లోతు, నీళ్ల రంధ్రాలు, హెడ్డు బిగించే స్టడ్ల రంధ్రాల కొలత మారిపోతాయి. కాబట్టి కాస్టింగ్ నంబరు కలిసింది కదా అని సరిపోతుందనుకోకూడదు, నంబరు వేరైంది కదా అని పనికిరాదనీ అనుకోకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ కంపెనీలు పాత పార్ట్ నంబరు ఆపేసి అదే పనికి కొత్త నంబరు ఇస్తుంటాయి. ఈ సంగతి తేల్చగలిగింది డీలర్ దగ్గరి పార్ట్స్ జాబితా ఒక్కటే. ఇంజన్ నంబరు ఫోటో, పాత హెడ్డు కాస్టింగ్ నంబరు ఫోటో, రెండూ పట్టుకుని టాఫే డీలర్ పార్ట్స్ కౌంటర్‌కి వెళ్లండి. కొనకపోయినా సరే, ఆ ఇంజన్ నంబరుకి ఇప్పుడు నడుస్తున్న హెడ్డు పార్ట్ నంబరు, గ్యాస్కెట్ పార్ట్ నంబరు రాయించుకోండి. ముఖ్యంగా గ్యాస్కెట్ నంబరు.

ఎందుకంటే నా మొత్తం పద్ధతి గ్యాస్కెట్ మీదే నడుస్తుంది. ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్తాను.

మీ ఇంజన్ నంబరుకి సరైన కొత్త హెడ్ గ్యాస్కెట్ ఒకటి కొనండి. ఎలాగూ వెయ్యాల్సిందే, డబ్బు వృథా కాదు. పాత గ్యాస్కెట్ కొలతకి పనికిరాదు, నలిగిపోయి రంధ్రాలు సాగి ఉంటాయి, పైగా అది తప్పు గ్యాస్కెట్ అయి ఉండొచ్చు. పెర్కిన్స్ గ్యాస్కెట్ల మీద పైభాగం ఏది, ముందువైపు ఏది అని ముద్ర ఉంటుంది. బ్లాక్ ముఖం శుభ్రం చేసి ముద్ర ప్రకారం గ్యాస్కెట్ పరవండి. ముందు బ్లాక్‌కి సరిపోయిందా చూడాలి. మూడు బోర్ల చుట్టూ ఉండే లోహపు రింగు బోరు అంచు కంటే బయటే ఉండాలి, చుట్టూ సమానంగా. వేలు పెట్టి తిప్పండి. రింగు అంచు ఒక్క చోటైనా బోరులోకి తొంగి చూస్తే అది చిన్న బోరు ఇంజన్ గ్యాస్కెట్. వేస్తే మంట ఆ అంచును పట్టుకుని కాల్చేస్తుంది. కాస్త దున్నేసరికి నీళ్లు ఆయిల్లో కలుస్తాయి, మళ్లీ హెడ్డే తప్పంటారు.

బ్లాక్ మీద సరిపోయిన ఆ గ్యాస్కెట్‌నే తీసుకెళ్లి షాపులో హెడ్డు మీద పెట్టండి. హెడ్డును తిరగేసి పెడతారు కాబట్టి గ్యాస్కెట్ పైభాగం హెడ్డు వైపు, అంటే కిందికి ఉండాలి. ఇది మర్చిపోతే సరైన హెడ్డు కూడా తప్పుగా కనిపిస్తుంది. స్టడ్ రంధ్రాల్లో రెండు మూలల రెండు బోల్టులు దూర్చి గ్యాస్కెట్ కదలకుండా నిలపండి. ఇప్పుడు ఒక్కో రంధ్రం చూసుకుంటూ పొండి. స్టడ్ రంధ్రాలు అన్నీ నిటారుగా కలవాలి. రాకర్లను కదిలించే పుష్ రాడ్ల దారులు అంచు తగలకుండా ఖాళీగా ఉండాలి. నీళ్ల రంధ్రాల దగ్గర జాగ్రత్త: గ్యాస్కెట్‌లో రంధ్రం హెడ్డులో దాని కంటే చిన్నగా ఉండటం తప్పు కాదు. ఎక్కడ ఎంత నీరు పైకి ఎక్కాలో కంపెనీ అలా కొలిచి పెడుతుంది. దాన్ని పెద్దది చేయకండి, కొందరు డ్రిల్లుతో పెద్దది చేస్తారు, నీళ్లన్నీ ముందు నుంచే తిరిగి వెనక సిలిండర్ ఉడికిపోతుంది. తప్పు ఎప్పుడంటే, గ్యాస్కెట్‌లో రంధ్రం ఉన్న చోట హెడ్డులో చదును ఇనుము ఉంటే, లేదా హెడ్డులో నీళ్ల రంధ్రం అంచు మంట రింగు కిందకి వస్తే. రెండోది అయితే ఆ హెడ్డు మీ ఇంజన్‌ది కానే కాదు.

ఒక సన్న రంధ్రం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాకర్ షాఫ్ట్‌కి ఆయిల్ ఎక్కేది ఆ దారినే. పెన్ను రీఫిల్ పట్టేంత ఉంటుంది. బ్లాక్‌లో, గ్యాస్కెట్‌లో, హెడ్డులో మూడింటిలోనూ అది ఒకే చోట ఉండాలి. హెడ్డులో ఆ రంధ్రంలోకి గాలి ఊది, పైన రాకర్ బ్రాకెట్ కూర్చునే చోట బయటికి వస్తుందో లేదో వేలు పెట్టి చూడండి. ఇది కలవని హెడ్డు బిగిస్తే ఇంజన్ చక్కగా స్టార్ట్ అవుతుంది, అందరూ సంతోషిస్తారు. రాకర్లు మాత్రం పొడిగా తిరుగుతుంటాయి. కొన్ని రోజులకి టకటక శబ్దం, తర్వాత బుష్షులూ షాఫ్టూ అరిగిపోయి కొత్తవి వేయాల్సి వస్తుంది.

కంటితో చూసి నమ్మకం కుదరకపోతే గ్యాస్కెట్ సైజు అట్టముక్క ఒకటి తీసుకుని బ్లాక్ మీద పరిచి, అంచులన్నీ బొటనవేలితో నొక్కి అచ్చు తీసుకోండి. రంధ్రాలన్నీ అట్ట మీద పడతాయి. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసి పంపితే దూరంగా ఉన్న షాపువాడు కూడా పోల్చి చెప్పగలడు. గ్యాస్కెట్ సరిపోయాక మానిఫోల్డ్ ముఖం, ముందువైపు థర్మోస్టాట్ బాడీ కూర్చునే చోటు, నాజిల్ బిగించే స్టడ్లు చూసుకోండి. అవి కొద్దిగా వేరైనా లేత్ వర్క్‌లో సర్దుకునే అవకాశం ఉంది. హెడ్డు ముఖం మీద తేడా ఉంటే సర్దుబాటు లేదు.

ఇంతా చెప్పాక అసలు మాట: వేరే హెడ్డు కొనేముందు మీ పాత హెడ్డును పరీక్ష చేయించారా? మీ బ్లాక్‌కి నూటికి నూరుపాళ్లు సరిపోయే హెడ్డు అదే. వాల్వు సీట్ల మధ్య గీత కనపడగానే స్క్రాప్ అనేస్తారు, అది తొందరపాటు. గీత పైపైనే ఉందా, నీళ్ల గదిలోకి దిగిందా అన్నదే ప్రశ్న. మంచి ఇంజన్ రీబోరింగ్ షాపులో నీళ్ల దారులన్నీ ప్లేట్లూ రబ్బరుతో మూసేసి, లోపలికి సుమారు 30 పౌండ్ల గాలి ఎక్కించి, హెడ్డును వేడినీళ్ల తొట్టెలో ముంచుతారు. వేడినీళ్లే ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే క్రాక్ వేడికే తెరుచుకుంటుంది. బుడగ వస్తే దిగినట్టే. ఆ సౌకర్యం దగ్గర్లో లేకపోతే ఎర్ర డై స్ప్రే చేసి, తుడిచి, తెల్ల డెవలపర్ కొట్టే పద్ధతి ఉంది. క్రాక్ ఎంత పొడవుందో ఎర్రగీతగా బయటపడుతుంది, కానీ అది లోపలికి నీళ్ల దాకా వెళ్లిందో లేదో చెప్పదు.

క్రాక్ సీటు వెడల్పు లోపలే ఉంటే ఆ సీటును బోర్ చేసి కొత్త సీటు రింగు టైట్‌గా కొట్టిస్తే హెడ్డు మళ్లీ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నీళ్ల గదిలోకి దిగి, నాజిల్ రంధ్రం దాకా పాకితే దాని మీద డబ్బు పెట్టకండి. పోత ఇనుముకు వెల్డింగ్ చేయాలంటే హెడ్డంతా కొలిమిలో నెమ్మదిగా వేడిచేసి, సరైన రాడ్‌తో అతికి, గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చాలి. రోడ్డు పక్క ఆర్క్ వెల్డింగ్‌తో పెట్టిన అతుకు పక్కనే ఇంకో క్రాక్ వస్తుంది. స్టిచింగ్ అని మేకులు కొట్టి కుట్టే పద్ధతి హెడ్డు బయటి గోడలకి మంచిదే, మంట తగిలే వైపు నేను ఒప్పుకోను.

పాత హెడ్డు పోయిందని తేలితే మూడు దారులు. కంపెనీ కొత్త హెడ్డు డీలర్ ద్వారా, ఆర్డర్ పెడితే కొన్ని రోజులు పట్టొచ్చు. దొరికితే అదే తీసుకోండి, సీజన్‌లో ఆగిపోయిన రోజుల నష్టంతో పోలిస్తే ఆ ఖర్చు ఎక్కువేమీ కాదు. రెండోది వేరే కంపెనీలు పోసిన కొత్త హెడ్డు, రాజ్‌కోట్, లూధియానా వైపు నుంచి ఆటోనగర్ షాపులకి వస్తుంటాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కొనేటప్పుడు నీళ్ల రంధ్రాల్లోకి వంచిన తీగ పెట్టి గీకండి. పోత ఇసుక రాలితే పూర్తిగా కడిగించి, గాలి కొట్టించి గానీ బిగించకండి. ఆ ఇసుక వాటర్ పంపు సీలును తినేస్తుంది, రేడియేటర్ ట్యూబుల్లో కూర్చుంటుంది. ఖాళీ హెడ్డా, వాల్వులూ గైడ్లూ స్ప్రింగులతో సహా ఇస్తున్నారా అన్నది ధర మాట్లాడేముందే తేల్చుకోండి.

మూడోది పాత ఇంజన్ నుంచి దిగిన హెడ్డు. చెన్నై పుదుపేట, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల దొరుకుతాయి. దీనికి పైన చెప్పిన ప్రెషర్ టెస్ట్ తప్పనిసరి. పెయింట్ వేసి ఉంటే మరీ అనుమానించండి. వెర్నియర్‌తో నాలుగు మూలలా మందం కొలిచి మీ పాత హెడ్డుతో, మాన్యువల్‌లోని కనీస మందంతో పోల్చండి. ప్రతి ఫేసింగ్‌కీ (ముఖాన్ని మెషీన్‌తో చదును చేయడానికి) హెడ్డు కొంత పలచనవుతుంది. డీఐ ఇంజన్‌లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు బ్లాక్ ముఖానికి దాదాపు సమానంగా నిలుస్తుంది, కాబట్టి వాల్వు తల హెడ్డు ముఖం కంటే మాన్యువల్ చెప్పినంత లోపలికి ఉండాలి. ఫేసింగ్ ఎక్కువైతే వాల్వు పిస్టన్‌ని కొడుతుంది, నాజిల్ మొన కూడా కిందికి వస్తుంది. దానికి నాజిల్ కింద రెండు రాగి వాషర్లు వేసి సర్దేవాళ్లున్నారు, అలా ఉన్న హెడ్డు దొరికితే పక్కన పెట్టండి. వాల్వు మరీ లోపలికి కుంగినా మంచిది కాదు. కంప్రెషన్ తగ్గి చలికాలం పొద్దున్నే స్టార్ట్ కాక ఏడిపిస్తుంది, తెల్లపొగ పోదు.

బిల్లు మీద "గ్యాస్కెట్ కలవకపోయినా, ప్రెషర్ టెస్ట్‌లో లీకైనా వాపసు" అని రాయించుకోండి. నిజాయితీగా అమ్మేవాళ్లు ఆ మాట రాయడానికి వెనకాడరు.

హెడ్డు చేతికొచ్చాక బిగించే తొందరలో అసలు జబ్బును వదిలెయ్యకండి. హెడ్డు ఊరికే పగలదు. మూడో సిలిండర్ దగ్గరే పగలడం చూస్తే నాకు నీళ్ల దారి మీదే అనుమానం. వాటర్ పంపు ముందు ఉంటుంది, బురద, తుప్పు, సున్నం వెనక్కి వెళ్లి పేరుకుంటాయి. నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోసిన బ్లాకుల్లో సున్నం పొరలు పొరలుగా రాలడం నేను చాలాసార్లు చూశాను. బ్లాక్ పక్కన డ్రెయిన్ ట్యాప్ విప్పండి. నీళ్లు రాకపోతే, తీగ పెట్టి పొడిస్తే గానీ బురద కదలకపోతే, మీ హెడ్డును చంపింది అదే. డీస్కేలింగ్ లిక్విడ్‌తో బ్లాక్, రేడియేటర్ రెండూ కడిగించండి. రేడియేటర్ బయటివైపు దమ్ము బురద, గడ్డి ఇరుక్కుని ఉంటే లోపలి నుంచి బయటికి నీళ్లు కొట్టండి. ఫ్యాన్ బెల్టు, థర్మోస్టాట్, రేడియేటర్ మూత రబ్బరు కూడా చూసుకోండి. ఇకముందు శుభ్రమైన నీళ్లలో కూలెంట్ కలిపి వాడండి. బండి వేడెక్కినప్పుడు కాలవ నీళ్లు తెచ్చి గబగబా పోయడం మాత్రం ఎవరినీ చెయ్యనివ్వకండి. కాలిపోతున్న పోత ఇనుముకి ఒక్కసారిగా చల్లనీళ్లు తగిలితే కొత్త హెడ్డైనా పగులుతుంది.

బ్లాక్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి ఫీలర్ గేజ్‌తో చూడండి. లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) ఏదైనా కిందికి కుంగిందా అన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. కుంగితే ఏ హెడ్డూ ఏ గ్యాస్కెట్టూ నిలవదు. స్టడ్లు ఒక్కొక్కటి విప్పి మర సాగిందా, నీళ్లలో తుప్పు పట్టి మధ్యలో సన్నబడిందా చూడండి. పాత పెర్కిన్స్ స్టడ్లు ఇంచ్ మర. నట్టు పోయిందని మెట్రిక్ నట్టు ఎక్కించిన ఇంజన్లు వస్తుంటాయి, రెండు చుట్లు తేలిగ్గా తిరిగి పట్టేస్తుంది, మీరు బిగుసుకుందనుకుంటారు. స్టడ్ రంధ్రాల్లో ఆయిల్, నీళ్లు నిలవకుండా గాలి కొట్టండి.

పాత హెడ్డో, ఫేసింగ్ అయిన హెడ్డో వేస్తుంటే బిగించేముందు ఒక పరీక్ష. పిస్టన్ల మీద వాల్వులు వచ్చే చోట మెత్తటి సీసం తీగ చిన్న ముక్కలు గ్రీజుతో అంటించి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు తాత్కాలికంగా బిగించి, ట్యాపెట్లు (రాకర్‌కీ వాల్వుకీ మధ్య ఖాళీ) సరిచేసి, ఇంజన్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. స్టార్టర్ వాడకండి. ఎక్కడైనా పట్టేస్తే బలవంతంగా తిప్పకండి. విప్పి, నలిగిన సీసం మందం కొలవండి. వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో లెక్కతో సహా మీ చేతిలో ఉంటుంది.

చివరి బిగింపు టార్క్ రెంచ్‌తోనే. మధ్య నట్ల నుంచి మొదలుపెట్టి బయటికి, ఒకేసారి కాకుండా మూడు విడతల్లో. ఎంత టార్క్ అన్నది మీ ఇంజన్ నంబరుకి డీలర్ దగ్గరి మాన్యువల్ ప్రకారం తీసుకోండి, మరో మోడల్ అంకె వాడకండి. ట్యాపెట్ గ్యాప్ 3.152 వంశానికి చల్లగా ఉన్నప్పుడు 0.30 మి.మీ., మెకానిక్‌ల భాషలో 12 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). ఇంజన్ స్టార్ట్ చేసి, రాకర్ కవర్ తీసి ఆయిల్ పైకి వస్తోందో లేదో చూశాకే కవర్ బిగించండి. నీళ్లు మామూలు వేడికి వచ్చేదాకా నడిపి, మాన్యువల్ చెప్పిన తీరులో నట్లు అదే వరుసలో మళ్లీ టార్క్ చేసి, ట్యాపెట్లు ఇంకోసారి సరిచూడండి. హెడ్డు కూర్చున్నాక గ్యాప్ మారుతుంది. మొదటి రెండు మూడు రోజులు ట్రక్కు లాగడం లాంటి తేలిక పని పెట్టి, రోజూ పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ నీళ్ల మట్టం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ రంగు చూడండి. నీళ్లు తగ్గుతున్నా, ఆయిల్ తెల్లబడినా దమ్ములోకి దింపకుండా ఆపి నాకు రాయండి. ఇంజన్ నంబరు, కాస్టింగ్ నంబరు, తిరగేసిన హెడ్డు ముఖం, పిస్టన్ తలలు: ఈ నాలుగు ఫోటోలు మాత్రం ఇప్పుడే పంపండి, కోదాడ హెడ్డు సంగతి అవి చూశాక చెప్తాను.